శ్రీలంక యాత్ర: మ్యాప్ కంటే ముందు క్యాలెండర్ తెరవండి

శ్రీలంక మ్యాప్ చూసినవాళ్లు తరచూ పొరబడతారు. దీవి మొత్తం వైశాల్యం 65,610 చదరపు కిలోమీటర్లు, పైనుంచి కిందికి 430 కిలోమీటర్లకు అటూ ఇటూ. "ఇంతే కదా, వారంలో చుట్టేద్దాం" అనిపిస్తుంది. అలా అనుకుని రోజుకో ఊరు రాసుకుంటే సగం దేశాన్ని వ్యాను కిటికీలోంచి చూసి రావాల్సి వస్తుంది. ఇక్కడ ఎక్కడికి వెళ్లాలన్నది రెండో ప్రశ్న. ఏ నెలలో, ఏ రోజున, పొద్దున ఎన్నింటికి అన్నది మొదటిది. అది సరిగ్గా తేల్చుకుంటే మిగతా లెక్క తేలిగ్గా పడుతుంది.

ఏ నెలలో ఏ తీరం

ఈ దీవికి వానలు రెండు వైపుల నుంచి వస్తాయి. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాలు కొలంబో, గాల్, మిరిస్సా ఉన్న పడమర, దక్షిణ తీరాల మీద కురుస్తాయి. దీవి నడుమ ఉన్న కొండలు ఆ మేఘాలను ఆపేస్తాయి కాబట్టి అదే సమయంలో తూర్పున త్రింకోమలి, పాసికుడా, అరుగం బే పొడిగా ఉంటాయి. డిసెంబరు వచ్చేసరికి ఇది తిరగబడుతుంది. ఫిబ్రవరి దాకా ఈశాన్య రుతుపవనాలు తూర్పునూ ఉత్తరాన్నీ తడుపుతాయి, దక్షిణ తీరం నీళ్లు తేటపడతాయి.

అంటే డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా దక్షిణం, మే నుంచి సెప్టెంబరు దాకా తూర్పు. అక్టోబరు, నవంబరుల్లో రెండు వైపులా మధ్యాహ్నాలు ఉరుముల వానలు పడతాయి, బంగాళాఖాతంలో తుఫాన్లూ అప్పుడే పుడతాయి. సముద్రస్నానం కోసం ఆ రెండు నెలలూ ఎంచుకోకండి. ప్రాచీన నగరాలు చూడాలంటే మాత్రం పొద్దున తిరిగి, మధ్యాహ్నానికి గది చేరే పద్ధతిలో వెళ్లొచ్చు.

ఎక్కువమంది చేసే తప్పు ఒకటుంది. జూలైలో సెలవులున్నాయని మిరిస్సాలో చవగ్గా దొరికిన గది తీసేసుకుంటారు. గది ధర తగ్గింది సముద్రం వల్లనే. అలలు ఒడ్డును కోస్తుంటాయి, ఎర్ర జెండాలు ఎగురుతుంటాయి, తిమింగలాల పడవలు చాలావరకు ఆగిపోతాయి. అదే డబ్బుతో తూర్పు తీరాన త్రింకోమలి దగ్గరి నిలావెలిలో మోకాళ్ల లోతు నీళ్లలో పిల్లల్ని వదిలి కూర్చోవచ్చు.

నెల తేలాక రోజులు చూడండి. ప్రతి పౌర్ణమీ ఇక్కడ సెలవు, పోయ అంటారు. ఆ రోజు మద్యం ఎక్కడా అమ్మరు, మాంసం దుకాణాలూ మూస్తారు, ఆలయాలు తెల్లబట్టల జనంతో నిండిపోతాయి. మే పౌర్ణమి వెసాక్. వీధుల నిండా కాగితపు లాంతర్లు వేలాడతాయి, దారిపోయే ఎవరికైనా ఉచితంగా భోజనం పెట్టే దన్‌సల్ పందిళ్లు వెలుస్తాయి. పిలిస్తే మొహమాటపడకుండా కూర్చుని తినండి, పెట్టేవాళ్లకు అదే ఆనందం. జూన్ పౌర్ణమి పొసొన్. అప్పుడు అనురాధపురం, మిహింతలేల్లో కాలు పెట్టే చోటు ఉండదు. ఏప్రిల్ 13, 14 తేదీల్లో సింహళ, తమిళ కొత్త సంవత్సరం. ఆ వారం డ్రైవర్లు సొంతూళ్లకు వెళ్లిపోతారు, చాలా హోటళ్లు మూతపడతాయి. పండుగ చూడాలన్న కోరిక ఉంటే తప్ప ఆ వారం వదిలేయండి.

బయల్దేరే ముందు

వీసా బదులు ఈటీఏ అనే ఆన్‌లైన్ అనుమతి ఉంటుంది. దీని రుసుము, ఏ దేశాలవాళ్లకు మినహాయింపు అన్నవి ఈ మధ్య చాలాసార్లు మారాయి. కాబట్టి పాత వ్యాసాలను నమ్మకుండా ప్రభుత్వ ఈటీఏ సైటులోనే చూసుకోండి. అచ్చం అలాగే కనిపించే ప్రైవేటు సైట్లు ఎక్కువ డబ్బు లాగుతాయి. చిరునామా చివర శ్రీలంక ప్రభుత్వ డొమైన్ ఉందో లేదో చూశాకే పాస్‌పోర్టు వివరాలు నింపండి.

పాస్‌పోర్టును గది లాకరులో వదలకండి. సార్క్ దేశాల పాస్‌పోర్టు చూపిస్తే సిగిరియా, పొలొన్నరువా లాంటి చోట్ల విదేశీయుల టికెట్‌లో సగం ధరే పడుతుంది. ఆ టికెట్లు డాలర్ల లెక్కన ఉంటాయి కాబట్టి నలుగురున్న కుటుంబానికి ఈ తేడా పెద్ద మొత్తమే. ఫోనులో ఫొటో చూపిస్తే కౌంటర్లో ఒప్పుకోకపోవచ్చు.

ప్లగ్గులు ఎక్కువగా చదరపు మూడు కాళ్లవి. అడాప్టర్ ఒకటి పెట్టుకుంటే పాత గుండ్రటి సాకెట్ ఉన్న గదిలో ఇబ్బంది ఉండదు. కరెంటు 230 వోల్టులే. గడియారం మార్చుకోవాల్సిన పని లేదు, భారత కాలమే. శ్రీలంక రూపాయలు విమానాశ్రయంలో దిగాకే తీసుకోండి. ఏటీఎం నుంచి 5,000 నోట్లు వస్తే అక్కడే ఏదైనా కొని విడిపించండి. బస్సు కండక్టరు దగ్గరా, త్రీవీలర్ డ్రైవరు దగ్గరా ఆ నోటుకు చిల్లర ఉండదు.

దారి గీయడం

ఎక్స్‌ప్రెస్ వేలు తప్పించి మిగతా రోడ్ల మీద గంటకు 35 కిలోమీటర్లు అని లెక్కేయండి. రోడ్లు బాగుంటాయి. అయితే ఊళ్లు రోడ్డునే పట్టుకుని ఉంటాయి, బస్సులు మలుపుల్లో ఆగుతాయి, కొండదారి మెలికలు తిరుగుతుంది. దంబుల్లా నుంచి క్యాండీకి 72 కిలోమీటర్లు. రెండు గంటలు తేలిగ్గా పడుతుంది. విమానాశ్రయం ఉన్న కటునాయక నుంచి సిగిరియాకు నాలుగు గంటలు. రాత్రి దిగినవాళ్లు ఆ ప్రయాణం అప్పుడే పెట్టుకోవద్దు. పది కిలోమీటర్ల దూరంలో ఉన్న నెగొంబోలో పడుకుని తెల్లారి బయల్దేరండి.

డిసెంబరు నుంచి ఏప్రిల్ మధ్య పదకొండు రాత్రులుంటే నెగొంబోలో ఒకటి, సిగిరియా దగ్గర మూడు, క్యాండీలో రెండు, కొండల్లోని ఎల్లాలో రెండు, దక్షిణ తీరంలో మూడు. మే నుంచి సెప్టెంబరు మధ్యైతే సిగిరియా నుంచి త్రింకోమలికి వెళ్లి రండి, రెండున్నర గంటల దారి. తర్వాత క్యాండీ, ఎల్లా, అక్కణ్ణుంచి కిందికి దిగి అరుగం బే. తొమ్మిది రోజులే ఉంటే అన్నింటినీ కత్తిరించకుండా ఒక ఊరిని పూర్తిగా తీసేయండి. నెగొంబో తప్ప ప్రతి చోటా కనీసం రెండు రాత్రులు ఉండటం ముఖ్యం, ఎందుకంటే ఇక్కడి మంచి గంటలన్నీ తెల్లవారుజామునే. ముందు రోజు మధ్యాహ్నానికే ఆ ఊరు చేరి ఉండకపోతే అవి చేతికందవు.

సిగిరియా: ఏడింటికి ముందే గేటు దగ్గర

చదునైన అడవిలోంచి దాదాపు 200 మీటర్లు నిటారుగా లేచిన రాయి. 5వ శతాబ్దంలో కశ్యపుడు తండ్రి ధాతుసేనుణ్ణి చంపి, అన్యాయానికి గురైన తమ్ముడు మొగ్గల్లానుడు ఎప్పుడో ఒకనాడు సైన్యంతో వస్తాడన్న భయంతో రాజధానిని ఈ రాతి మీదికి మార్చాడని చూళవంశం అనే పాత చరిత్రగ్రంథం చెబుతుంది. 477 నుంచి 495 దాకా, పద్దెనిమిదేళ్లు. ఆ తర్వాత ఇది భిక్షువుల ఆశ్రమం అయింది.

మెట్లు దాదాపు 1,200. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు గంట, గంటన్నరలో ఎక్కుతారు. దిగి బయటికి రావడానికి మొత్తం మూడు గంటలు పెట్టుకోండి. గేటు తెరిచే వేళకు లోపల ఉండాలి. తొమ్మిది దాటితే రాయి వేడెక్కుతుంది, పెద్ద బస్సులు దిగుతాయి, కుడ్యచిత్రాలకు వెళ్లే ఇరుకు ఇనుప మెట్ల దగ్గర వరుస కదలడం మానేస్తుంది. పైన నీళ్లు దొరకవు, నీడ లేదు. మనిషికి లీటరున్నర మోసుకెళ్లండి.

ముందుగా వచ్చే నీటి తోటల్లోంచి పరుగెత్తకండి. నేలలో చిన్న కన్నాలున్న గుండ్రటి రాతి పలకలు కనిపిస్తాయి. అవి ఫౌంటెన్లు, పంపులేవీ లేకుండా నీటి మట్టాల తేడాతోనే చిమ్మేవి, గట్టి వాన పడ్డ రోజుల్లో ఇప్పటికీ చిమ్ముతాయి. పదిహేను వందల ఏళ్ల ప్లంబింగ్ అది. చిత్రాల గూటిలో ఫొటోలు నిషేధం, ఫ్లాష్ లేకుండా కూడా. అక్కడి కాపలా మనిషితో వాదించకండి, ఆ రంగులు ఇన్నేళ్లు మిగిలాయంటే ఇలాంటి కట్టడి వల్లనే. కిందికి దిగితే అద్దం గోడ. నున్నటి సున్నపు పూత మీద వందల ఏళ్ల పాటు వచ్చినవాళ్లు పైనున్న స్త్రీల చిత్రాల గురించి పద్యాలు గీశారు. వాటిలో 685 పద్యాలను పండితుడు సెనరత్ పరణవితాన చదివి ప్రచురించారు. ఇప్పుడు గోడను ముట్టుకోవడం నేరం.

ఇక్కడ అసలు ప్రమాదం ఎత్తు కాదు, రాతికి వేలాడే తేనెతుట్టెలు. అరుపులు, పొగ, ఘాటైన సెంటు వాటిని రెచ్చగొడతాయి. సింహపు పాదాలున్న చదును దగ్గర 'నిశ్శబ్దం' అన్న బోర్డు ఉన్నది అందుకే. పిల్లలకు ఆ మాట కిందే చెప్పి ఎక్కించండి. ఈగలు లేచినట్టు సిబ్బంది అరిస్తే చేతులు విసరకుండా, తలా మొహమూ కప్పుకుని వాళ్లు చూపించిన వైపు వెళ్లండి.

టికెట్ ఖర్చెక్కువ అనిపిస్తే ఎదురుగా పిదురంగల కొండ ఉంది. టికెట్ చాలా తక్కువ, పైనుంచి సిగిరియా మొత్తం కనిపిస్తుంది. కాకపోతే చివర పదిహేను, ఇరవై నిమిషాలు బండల మధ్య చేతులు పెట్టి పాకాలి. వాన పడితే అక్కడ జారుతుంది. మెట్లు గుడి ఆవరణలోంచి మొదలవుతాయి కాబట్టి భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు కావాలి.

అదే రోజు సాయంత్రం దంబుల్లా గుహాలయం పెట్టుకోవచ్చు. ఐదు గుహలు, 150కి పైగా విగ్రహాలు. టికెట్ కిందే కొనాలి. పైకెక్కాక లేదని తెలిస్తే మళ్లీ దిగాల్సిందే. రెండో గుహ పైకప్పు చూడండి: బండ ఎలా ఎగుడుదిగుడుగా ఉంటే అలాగే చిత్రాన్ని పరిచారు, గుడ్డ కప్పినట్టు ఉంటుంది. చెప్పులు బయటే. నేల మధ్యాహ్నం కాలుతుంది, నాలుగు దాటాక వెళ్లండి.

పొలొన్నరువా, అనురాధపురం: మెట్ల కింద చూడండి

రెండూ చూసే ఓపిక అందరికీ ఉండదు. ఒకటే అంటే పొలొన్నరువా. 12వ శతాబ్దపు రాజధాని, కట్టడాలు దగ్గరదగ్గరగా, ఇంకా గోడలతో నిలబడి ఉన్నాయి. అనురాధపురం అంతకంటే చాలా పాతది, ఇప్పటికీ పూజలందుకుంటున్న యాత్రాస్థలం. కట్టడం చూడాలంటే మొదటిది, భక్తి చూడాలంటే రెండోది.

పొలొన్నరువాలో గేటు బయట సైకిల్ అద్దెకు తీసుకోండి. బ్రేకులు, సీటు ఎత్తు అక్కడే సరిచూసుకోండి. నీడలున్న మట్టి దారి, మొత్తం నాలుగు గంటలు. చెప్పులు తీసే చోట్లు చాలా ఉన్నాయి, పది దాటితే రాతి మీద పాదాలు బొబ్బలెక్కుతాయి. మందపాటి సాక్సులు ఒక జత పెట్టుకోండి; వాటికి అభ్యంతరం లేదు. గల్ విహారాన్ని చివరికి ఉంచండి. ఒకే బండలో నాలుగు విగ్రహాలు, పడుకున్న బుద్ధుడు 14 మీటర్లు. తల కింద దిండు చూడండి, తల బరువుకు దిండు కొంచెం లోపలికి నొక్కుకున్నట్టు రాతిలో చెక్కారు.

ప్రతి గుడి ముందూ మొదటి మెట్టు దగ్గర అర్ధచంద్రాకారపు రాయి ఉంటుంది. సందకడ పహణ, అంటే చంద్రశిల. గైడు లేకపోయినా దీన్ని మీరే చదవొచ్చు. అనురాధపురం రాళ్లలో బయటి వలయం జ్వాలలు, లోపల వరుసగా నడిచే ఏనుగు, గుర్రం, సింహం, ఎద్దు, తర్వాత తీగ, హంసలు, మధ్యలో తామర. పొలొన్నరువాకు వచ్చేసరికి వలయంలోంచి ఎద్దు మాయమైంది. చోళుల పాలన తర్వాత హిందూ ప్రభావం పెరిగి, శివుడి వాహనాన్ని కాళ్ల కింద తొక్కడం కూడదనుకుని తీసేశారని వివరిస్తారు. ఒక నగరంలో రాతిని ఫొటో తీసుకుని రెండో నగరంలో పక్కన పెట్టి చూడండి. రెండు రాజధానుల మధ్య ఏం మారిందో ఆ ఒక్క మెట్టులో కనిపిస్తుంది.

మాటల్లోనూ ఇలాంటి ఆనవాళ్లున్నాయి. ఇక్కడ స్తూపాన్ని దాగబ అంటారు, ధాతుగర్భం నుంచి వచ్చింది. చెరువు వెవ, వాపి నుంచి. నువర అంటే నగరం. బోర్డుల మీది సింహళ లిపి దూరం నుంచి తెలుగులాగే గుండ్రంగా కనిపించి, దగ్గరికెళ్తే ఒక్క అక్షరమూ అందదు.

అనురాధపురానికి వెళ్తే పొద్దున్నే శ్రీ మహాబోధి దగ్గర మొదలుపెట్టండి. బుద్ధగయ నుంచి సంఘమిత్ర తెచ్చిన కొమ్మ నుంచి, క్రీస్తుపూర్వం 3వ శతాబ్దం నుంచి ఎడతెగని సంరక్షణలో ఉన్న చెట్టు. తెల్లబట్టలు వేసుకోండి. జేతవనారామ దాగబ కట్టినప్పుడు సుమారు 122 మీటర్లు. ఆనాడు దానికంటే ఎత్తయినవి ఈజిప్టులోని రెండు పెద్ద పిరమిడ్లే. అంతా ఇటుక. ఈ జిల్లాలోని కుడాగమ వంటి పల్లెల్లో అహికుంటకులు అనే సమూహం ఉంది, వాళ్ల ఇంటి భాష తెలుగు. ఆ సంగతి తెలిసి చాలామందికి చూడాలనిపిస్తుంది. అవి మనుషులు బతికే ఊళ్లు. తెలిసినవాళ్ల ద్వారా, పిలిస్తేనే వెళ్లండి, కెమెరాలతో దిగొద్దు.

క్యాండీ, ఆపైన రైలు

క్యాండీలో బుద్ధుడి దంతధాతువున్న ఆలయం దళదా మాళిగావ. అక్కడ పూజలు ఉదయం 5:30కి, 9:30కి, సాయంత్రం 6:30కి. పూజ లేని వేళ వెళ్లినవాళ్లు మూసిన తలుపు చూసి వస్తారు. అరగంట ముందే చెప్పులు అప్పగించి, తనిఖీ దాటి, పై అంతస్తులో వరుసలో నిలబడండి. కింద డోళ్లు మొదలవగానే జనం దగ్గరికి జరుగుతారు, గడప ముందు మీకు దొరికేది కొన్ని క్షణాలే. కనిపించేది దంతాన్ని దాచిన బంగారు కరండం (పేటిక), దంతం కాదు. మోకాళ్లు, భుజాలు కప్పి ఉండాలి, టోపీ తీసేయాలి. బయట అమ్మే కలువలు ఒక పళ్లెం తీసుకెళ్తే వరుసలో నిలబడ్డ తీరే మారుతుంది. చూడ్డానికి వచ్చినవాళ్లలా కాకుండా దర్శనానికి వచ్చినవాళ్లలా ఉంటారు.

ఈ ఊరు తెలుగువాళ్లు ఇంకొంచెం నిదానంగా చూడాల్సింది. 1739 నుంచి 1815 దాకా క్యాండీని ఏలిన చివరి నలుగురు రాజులు మదురై నాయకుల బంధువర్గం, తెలుగు మూలాలున్న వంశం. వాళ్లలో కీర్తి శ్రీ రాజసింహ 1753లో సయాం నుంచి భిక్షువులను రప్పించి, ఆగిపోయిన ఉపసంపదను, అంటే భిక్షువులకిచ్చే పూర్తి దీక్షను, మళ్లీ మొదలుపెట్టించాడు. దంబుల్లా మూడో గుహలో నిలబడి ఉన్న రాజు విగ్రహం ఆయనదే. ఊరి నడుమ సరస్సు తవ్వించిన శ్రీ విక్రమ రాజసింహ చివరివాడు. 1815లో బ్రిటిషువాళ్లు పట్టుకుని వేలూరుకు పంపారు, 1832లో అక్కడే చనిపోయాడు. జూలై, ఆగస్టుల్లో ఎసల పెరహెర అనే ఊరేగింపు పండుగ పది రాత్రులు సాగుతుంది. చివరి ఐదు రాత్రులు ఊరేగింపు పెద్దది. గదులు నెలల ముందే అయిపోతాయి.

క్యాండీ నుంచి ఎల్లాకు రైలు ఆరేడు గంటలు. రిజర్వేషన్ 30 రోజుల ముందు తెరుచుకుని, సీజన్‌లో అదే రోజు అయిపోతుంది. దొరక్కపోతే దళారుల దగ్గర మూడింతలు పెట్టి కొనకండి. రిజర్వేషన్ లేని రెండో, మూడో తరగతి టికెట్లు ఆ రోజే కౌంటర్లో ఇస్తారు, సీటుకు మాత్రం హామీ లేదు. ఇంకో దారి, నువరెలియాకు కారులో వెళ్లి నాను ఓయ స్టేషన్లో ఎక్కడం. అసలు అందమంతా అక్కణ్ణుంచే, ప్రయాణం సగానికి తగ్గుతుంది. పట్టిపొల స్టేషను దాదాపు 1,900 మీటర్ల ఎత్తు, స్వెట్టర్ చేతికందేలా పెట్టుకోండి. కొండచరియలు పడితే ఈ లైను ముక్కలుగా ఆగిపోతుంది. 2025 నవంబరు చివర్లో దిత్వా తుఫాను దీన్ని బాగా దెబ్బతీసింది. టికెట్ కొనే ముందు రైళ్లు ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకా నడుస్తున్నాయో కనుక్కోండి. తలుపు దగ్గర వేలాడుతూ ఫొటోలు తీసుకోవద్దు. సొరంగాల గోడలు, సిగ్నల్ స్తంభాలు పెట్టెకు చెయ్యి చాచినంత దూరంలో ఉంటాయి, ప్రాణాలు పోయిన సంఘటనలున్నాయి.

ఎల్లాలో తొమ్మిది కమానుల వంతెనకు సూర్యోదయం వేళ వెళ్లండి. పగలు జనం ఎక్కువ.

గాల్, సముద్రం

కొలంబో ఫోర్ట్ నుంచి గాల్‌కు రైలు సముద్రం పక్కనే పోతుంది; దక్షిణానికి వెళ్లేటప్పుడు కుడి కిటికీ. గాల్ కోటను 1588లో పోర్చుగీసువాళ్లు మొదలుపెట్టారు, 1640లో డచ్చివాళ్లు గెలుచుకుని ఇప్పుడున్న రూపానికి తెచ్చారు. పాత ద్వారం మీద బయటివైపు బ్రిటిషు చిహ్నం, లోపలివైపు 1669 అని చెక్కిన డచ్ కంపెనీ చిహ్నం ఉన్నాయి. చాలామంది తల ఎత్తకుండా దాటిపోతారు. మధ్యాహ్నం సన్న వీధులు, డచ్ చర్చి నేలలో పరిచిన సమాధి రాళ్లు చూసుకుని, ఐదింటికి గోడ ఎక్కి సూర్యాస్తమయం దాకా చుట్టూ నడవండి. 2004 డిసెంబరు 26 సునామీలో కోట బయటి ఊరు కొట్టుకుపోయినా లోపలి ఊరు చాలావరకు నిలిచింది, ఈ గోడల వల్లనే.

ఇక ఈత. దక్షిణంలో పిల్లలకు మాతర దగ్గరి పొల్హేన బాగుంటుంది, పగడపు గట్టు అలల్ని ఆపేస్తుంది. ఉనవటునలోనూ వంపు కాపాడుతుంది. సర్ఫింగ్ నేర్చుకోవాలంటే వెలిగమ, నేల ఇసుకే. తూర్పున పాసికుడాలో చాలా దూరం నడిచినా నీళ్లు నడుము దాటవు. అరుగం బే అలలు సర్ఫింగ్ తెలిసినవాళ్లవి.

మునిగిపోవడానికి ముఖ్య కారణం పెద్ద అలలు కాదు, వెనక్కి లాగే ప్రవాహం. ఒడ్డు నుంచి ఐదు నిమిషాలు నిలబడి చూడండి: రెండు పక్కలా అలలు తెల్లగా విరుగుతూ, నడుమ ఒక చాలు విరగకుండా, ముదురు రంగులో, నున్నగా కనిపిస్తే అదే. తెలియనివాళ్లు అక్కడ నీళ్లు నిమ్మళంగా ఉన్నాయని దిగుతారు. చిక్కుకుంటే ఒడ్డుకేసి ఈదకండి, అలసిపోతారు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, అలలు విరిగే చోటికి చేరాక అలలతో బయటికి రండి. ఈత రాకపోతే వెల్లకిలా తేలి చెయ్యి ఎత్తండి. మద్యం తాగి దిగొద్దు. సముద్రం ఉన్నట్టుండి వెనక్కి పోయినా, భూమి కంపించినా సామాను వదిలి ఎత్తుకు పరుగెత్తాలి. నీలం బోర్డుల మీద దారి గుర్తులుంటాయి.

తిమింగలాల కోసం మిరిస్సా నుంచి డిసెంబరు, ఏప్రిల్ మధ్య తెల్లవారుజామున పడవలు బయల్దేరతాయి, నాలుగైదు గంటలు. దీవి దక్షిణపు కొన డోండ్రా దగ్గర ఒడ్డుకు కాస్త దూరంలోనే సముద్రం లోతెక్కుతుంది కాబట్టి నీలి తిమింగలాలు దగ్గరికి వస్తాయి. వాంతి మాత్ర పడవెక్కాక వేసుకుంటే పనిచేయదు, గంట ముందు వేసుకోండి. పడవ కుదుర్చుకునేటప్పుడు తిమింగలానికి ఎంత దూరంలో ఆపుతారని అడగండి. "తాకేంత దగ్గరికి" అని గొప్పగా చెప్పేవాళ్లను వదిలేయండి. త్రింకోమలి దగ్గర పావురాల దీవిలో పగడాల మీద నిలబడొద్దు, ఒక అడుగు ఏళ్ల పెరుగుదలను చిదిమేస్తుంది.

తిండి, మర్యాద

హోటల్ అంటే ఇక్కడా తినే చోటే. మధ్యాహ్నం పన్నెండు, ఒంటిగంట మధ్య అన్నం కూరలు తినండి. రెండు దాటితే అడుగూ బొడుగూ మిగులుతాయి. శాకాహారులు జాగ్రత్త: కొబ్బరి పచ్చడిలా ఉండే పొల్ సంబోల్‌లో, చాలా కూరగాయల కూరల్లోనూ ఉంబలకడ అనే ఎండు చేపపొడి పడుతుంది. "మాంసం వద్దు" అంటే సరిపోదు, "ఉంబలకడ ఎపా" అనండి. ఎపా అంటే వద్దు; వెంటపడి అమ్మేవాళ్లకూ ఈ మాటే పనికొస్తుంది. టీ దుకాణంలో అడక్కుండానే పళ్లెం నిండా వడలు, రోల్స్ తెచ్చిపెడితే కంగారుపడకండి, తిన్నవాటికే లెక్క. గేదె పెరుగు మీద కితుల్ (జీలుగ చెట్టు) పాకం పోసి ఇస్తారు, మానకుండా తినండి.

సింహళంలో అయ్యా అంటే అన్న, అక్కా అంటే అక్కే, మల్లి తమ్ముడు, నంగి చెల్లెలు. డ్రైవరును వయసును బట్టి అయ్యా అనో మల్లి అనో పిలిస్తే మాట తీరు మెత్తబడుతుంది. ఉత్తర, తూర్పు ప్రాంతాల్లో వీటి బదులు తమిళం మాట్లాడండి. అక్కడ సింహళం మాట్లాడితే కొందరికి నచ్చకపోవచ్చు.

బుద్ధ విగ్రహానికి వీపు పెట్టి ఫొటో దిగడం పెద్ద తప్పు. బుద్ధుడి టాటూ కనిపించేలా తిరిగితే విమానాశ్రయం నుంచే వెనక్కి పంపిన సందర్భాలున్నాయి. బస్సులో ముందు సీట్లు భిక్షువులవి, వాళ్లెక్కితే లేవాలి. ఏనుగు సవారీలకు డబ్బివ్వకండి. మాతలే దారిలో "ఉచిత" సుగంధ తోట దగ్గర డ్రైవరు ఆపితే అతనికి కమీషన్ ఉంటుంది, కొనక్కర్లేదు. కొలంబోలో మంచిగా మాట కలిపి "ఈ ఒక్కరోజే గుడిలో ఏనుగుల పండుగ" అని త్రీవీలర్ ఎక్కించేవాళ్లను నమ్మొద్దు. యాప్‌లో బండి పిలిస్తే బేరం తప్పుతుంది.

ఈ దేశంలో మలేరియా లేదని 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది, డెంగీ మాత్రం ఉంది. పగటిపూట కూడా దోమల మందు రాసుకోండి. ఉచిత అంబులెన్స్ 1990, పోలీసు 119, పర్యాటకుల సహాయం 1912.

తిరుగు ప్రయాణం రోజు గాల్ వైపు నుంచి ఎక్స్‌ప్రెస్ వే మీద విమానాశ్రయానికి రెండున్నర, మూడు గంటలు. విమానం ఉదయం అయితే చివరి రాత్రి నెగొంబోలోనే పడుకోండి. పొద్దున్నే చేపల మార్కెట్‌లో ఇసుక మీద పరిచిన చేపల్ని చూసి పోవచ్చు.